తాళపుచెవుల గుత్తి ఎవరి చేతికి?



హైదరాబాదులోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ పండుగలకు ఇల్లు చేరే పిల్లల నోట ఈ మధ్య ఒక కొత్త మాట వినబడుతున్నది. "ఇప్పుడు కోడ్ అంతా నేనే కూర్చుని రాయనక్కర్లేదమ్మా, ఎ.ఐ.ని మా టూల్స్‌కి కలిపేశాం, చాలావరకు అదే చేసుకుపోతుంది" అంటున్నారు. తల్లికి అందులో సగం అర్థమవుతుంది. తండ్రి మాత్రం, "మరి నీ ఉద్యోగం ఉంటుందా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటాడు.

ఆ తండ్రి ప్రశ్నకు తరువాత వద్దాము. ముందుగా ఆ "కలపడం" అంటే ఏమిటో ఈ నెల ఈ శీర్షికలో వివరించదలచాము. పట్నంలో పిల్లల ఆఫీసు సంగతులు మనకెందుకని తీసిపారేయడానికి వీలు లేదు. సంఘాలలో చదువుకున్న యౌవనస్థులు, "సభ్యుల రిజిస్టరు చిరిగిపోతున్నది, దానిని ఫోనులో యాప్‌గా చేసిపెడతాము" అని ముందుకు వస్తే పెద్దలు సంతోషిస్తారు. సంతోషించవలసినదే. అయితే ఆ యాప్‌ను ఆ పిల్లలు ఈనాడు కట్టేది చాలావరకు ఎ.ఐ. సహాయంతోనే. ఆ సహాయకునికి ఏయే గదుల తాళాలు ఇస్తున్నారో అడిగి తెలుసుకొనే పని పెద్దలదే గనుక ఈ సంగతి కాస్త ఓపికగా చదవవలసిందిగా కోరుతున్నాము.

యాప్ అనేది ఒక్క చోట కూర్చుని ఒక్క పనిముట్టుతో చేసే వస్తువు కాదు. ఇల్లు కట్టేటప్పుడు ప్లాను గీసేవారు ఒకరు, గోడ లేపేవారు ఒకరు, కరెంటు తీగలు లాగేవారు ఒకరు ఉన్నట్టే దీనికీ వేరు వేరు సరంజామా ఉన్నది. తెర మీద ఏ బొత్తాము ఎక్కడ ఉండాలో బొమ్మ గీసుకోవడానికి ఫిగ్మా వంటిది ఒకటి. కోడ్ వ్రాసుకోవడానికి ఎడిటర్ ఒకటి. వ్రాసిన కోడ్‌ను భద్రపరచి, ఎవరు ఏ రోజున ఏ పంక్తి మార్చారో చరిత్ర అంతా ఉంచడానికి గిట్‌హబ్ వంటి గోదాము ఒకటి. పని చేస్తున్నదో లేదో చూడడానికి పరీక్షలు, బ్రౌజరు. అన్నిటికీ అడుగున పేర్లు, ఫోను నంబర్లు, లెక్కలు నిలవ ఉండే డేటాబేస్. ప్రోగ్రామరు రోజంతా వీటి మధ్య తిరుగుతూనే ఉంటాడు.

2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థ కోపైలట్ అనే సహాయకాన్ని పరీక్షగా విడుదల చేసింది. మనిషి ఒక పంక్తి మొదలుపెడితే తరువాతి పంక్తులు అది సూచించేది. 2022 నవంబరు 30న చాట్ జి.పి.టి. వచ్చింది. అప్పటినుండి ప్రోగ్రామర్లు తమ చిక్కులు దానికి చెప్పుకొని సలహా అడగడం మొదలుపెట్టారు. కాని ఆ సలహాదారుడు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి వంటివాడు. ఇంటిలోపల ఏమున్నదో అతనికి కనబడదు. "అయ్యా, ఇలా తప్పు వస్తున్నది" అని లోపలినుండి తెచ్చి చూపించాలి. అతడు చెప్పిన మందు లోపలికి మోసుకుపోయి వేసి చూడాలి. కుదరకపోతే మళ్లీ బయటికి రావాలి. కాపీ చేయడం, అతికించడం, మళ్లీ కాపీ చేయడం. చాలామంది పిల్లలు ఆ రోజుల్లో చేసినది ఈ చాకిరీయే.

అరుగు మీది మనిషిని లోపలికి పిలవడమే ఇప్పుడు "కలపడం" అంటున్నారు. అలా పిలవడానికి మొదట ఒక చిక్కు ఉండేది. సహాయకులు అయిదు రకాలు, పనిముట్లు ఇరవై రకాలు అనుకోండి. ప్రతి సహాయకునికీ ప్రతి పనిముట్టుకూ వేరే కలయిక తయారు చేయాలంటే నూరు కలయికలు కావాలి. ఒకప్పుడు ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రకాల చార్జర్లు ఉండేవి. సన్నపిన్ను నోకియాది లావుపిన్ను దానికి పట్టేది కాదు. పొరుగింటికి పరుగెత్తి అడిగి తెచ్చుకొనేవాళ్లము. అదే చిక్కు ఇక్కడ కూడ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ దీనికి ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించి, ఎవరైనా వాడుకోవచ్చునని ఉచితంగా విడిచిపెట్టింది. దాని పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పొట్టిగా ఎం.సి.పి. అంటారు. డేవిడ్ సోరియా పారా, జస్టిన్ స్పార్-సమ్మర్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు దాని రూపకర్తలు. పనిముట్టు తయారు చేసేవారు ఒక్కసారి ఈ పద్ధతిలో అమర్చితే, ఈ పద్ధతి తెలిసిన ఏ సహాయకమైనా దానిని వాడుకోవచ్చును. నూరు కలయికలు కావలసిన చోట ఇరవై అయిదు చాలు. ఈనాటి ఫోన్లన్నిటికీ ఒకే టైప్-సి పిన్ను వచ్చినట్టు అని దాని కర్తలే పోల్చి చెప్పారు.

పోటీ కంపెనీ పెట్టిన పిన్నును తాను వాడనని ఎవరైనా మొండికెత్తి ఉంటే ఇది అక్కడే ఆగిపోయేది. అలా జరగలేదు. 2025 మార్చిలో ఓపెన్ ఎ.ఐ., ఏప్రిల్‌లో గూగుల్ డీప్‌మైండ్ తాము కూడ దీనినే పాటిస్తామని ప్రకటించాయి. 2025 డిసెంబరులో దాని యాజమాన్యం లినక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన ఒక ఉమ్మడి సంస్థకు అప్పగించబడింది. వ్యాపారంలో ఒకరినొకరు కబళించాలని చూసేవారు పిన్ను విషయంలో ఇంత త్వరగా ఒప్పుకోవడం అరుదైన సంగతేనని మేము ఒప్పుకోవాలి.

ఇప్పుడు అసలు కీలకానికి వద్దాము. "కలిపిన" తరువాత ఎ.ఐ. నిజంగా ఏమి చేస్తుంది? చాలామంది అది స్వయంగా లోపల దూరి మీటలు నొక్కుతుందని అనుకుంటారు. అది సరి కాదు. మిషన్ ఆసుపత్రి జ్ఞాపకం తెచ్చుకోండి. డాక్టరుగారు నాడి చూసి చీటీ వ్రాస్తారు. ఆ చీటీ పట్టుకొని కిటికీ దగ్గరకు వెళితే కాంపౌండరు మందు తీసి ఇస్తాడు. డాక్టరుగారి చేయి మందుల బీరువాను ముట్టదు. ఎ.ఐ. చేసేది కూడ చీటీ వ్రాయడమే. "ఫలానా ఫైలు చదివి చూపండి," "ఫలానా పరీక్ష నడపండి," "ఫలానా పంక్తి మార్చండి" అని ఒక నిర్ణీతమైన రూపంలో అది వ్రాస్తుంది. ఆ కుర్రవాని కంప్యూటరులో ఉన్న మామూలు ప్రోగ్రాము ఆ చీటీ అందుకొని పనిముట్టుకు పంపి, వచ్చిన ఫలితాన్ని తిరిగి ఎ.ఐ.కి చదివి వినిపిస్తుంది. అది విని ఎ.ఐ. ఇంకొక చీటీ వ్రాస్తుంది. ఒక్క చిన్న పనికి ఇటువంటి చీటీలు యాభైకి పైగా నడవవచ్చు.

సంఘపు రిజిస్టరు యాప్‌నే ఉదాహరణగా తీసుకొందాము. పేరు కొడితే ఆ కుటుంబం వివరాలు రావాలని ఆ కుర్రవాడు తెలుగులోనే చెప్పాడనుకోండి. ఎ.ఐ. ముందు ఉన్న కోడ్ చదవడానికి చీటీ వ్రాస్తుంది. చదివి, వెదికే భాగం వ్రాస్తుంది. పరీక్ష నడిపిస్తుంది. తప్పు వస్తుంది. ఆ తప్పు మాట తానే చదివి సరిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ప్లేరైట్ అనే పనిముట్టు కలిపి ఉంటే బ్రౌజరు తెరిపించి, పెట్టెలో పేరు కొట్టించి, తెర మీద ఏమి వచ్చిందో చూస్తుంది. అరుగుకూ లోపలికీ తిరిగే చాకిరీ అంతా పోయింది. ఒకప్పుడు వారం పట్టే పని ఒక సాయంకాలంలో రూపు కట్టవచ్చు. పట్నంలో పెద్ద కంపెనీ, పదిమంది జట్టు లేకుండా మారుమూల ఊరిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒక పనికివచ్చే యాప్ చేయగలుగుతున్నదంటే అది చిన్న మేలు కాదు. వాడకాన్నిబట్టి డబ్బు కట్టవలసి వస్తుంది. ఎక్కువ చీటీలు నడిస్తే ఎక్కువ బిల్లు.

అయితే ఒక సంగతి గమనించండి. రిజిస్టరులో "మరియమ్మ" అని ఉన్న ఆమె పిల్లల బడి కాగితాలలో "మేరీ" అని ఉండవచ్చు. "ఎస్తేరు" అని వ్రాసేవారూ ఉన్నారు, "ఎస్తర్" అని వ్రాసేవారూ ఉన్నారు. ఇది ఒకే మనిషి అని యంత్రానికి ఎవరు చెబుతారు? ఆ ఊరి పిల్లలే చెప్పాలి.

చీటీకీ మందుకూ మధ్య కిటికీ దగ్గర నిలబడేవాడు ఒకడున్నాడని చెప్పాము గదా. "ఈ చీటీ ప్రకారం చేయమంటారా, వద్దా?" అని ప్రోగ్రాము మనిషిని అడుగుతుంది. కావాలంటే మనిషి "వద్దు" అనవచ్చు. ఎం.సి.పి. నియమావళిలోనే, పనిముట్టు వాడేముందు నిరాకరించే అధికారం గల మనిషి ఒకడు మధ్యలో ఉండడం మంచిదని వ్రాసి ఉన్నది. ఉండి తీరాలి అనే గట్టి మాట మాత్రం వాడలేదు. ఈ తేడాను మేము చిన్నదిగా చూడము. యాభై చీటీలకు యాభైసార్లు "సరే" అని నొక్కడం ఎవరికైనా విసుగే. పది నొక్కి, పదకొండవసారి "ఇక అడగవద్దు, ఎప్పుడూ సరే" అనే బొత్తాము నొక్కేస్తారు. ఆ క్షణంలో కాంపౌండరు కిటికీ తలుపు తెరిచిపెట్టి టీ తాగడానికి వెళ్లిపోయినట్టే.

అప్పుడేమవుతుందో 2025 జూలైలో లోకమంతా చూసింది. అమెరికాలో జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారి రెప్లిట్ అనే వేదిక మీద ఎ.ఐ. చేత ఒక యాప్ కట్టిస్తూ ఆ అనుభవాన్ని రోజు రోజూ బహిరంగంగా వ్రాస్తూ వచ్చాడు. ఆ వేదికలో సహాయకము, కోడ్, డేటాబేస్ అన్నీ ముందే కలిపి ఉంటాయి. ఒక దశలో అతడు, ఇక ఏదీ మార్చవద్దని దానికి స్పష్టంగా చెప్పాడు. అయినను అది వాడుకలో ఉన్న డేటాబేస్‌ను తుడిచిపెట్టింది. 1,200కు పైగా వ్యక్తుల, 1,190కి పైగా కంపెనీల వివరాలు అందులో ఉన్నవి. ఎందుకు చేశావని అడిగితే కంగారుపడ్డానని సమాధానం వ్రాసింది. యంత్రానికి కంగారేమిటని నవ్వుకోవచ్చు గాని, ఆ రోజు అతనికి నవ్వు వచ్చి ఉండదు. పోయినది తిరిగి తేవడం అసాధ్యమని కూడ చెప్పింది. అది కూడ నిజం కాదని తేలింది. ప్రయత్నిస్తే తిరిగి వచ్చింది. రెప్లిట్ అధిపతి అంజద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, ప్రయోగాలు చేసుకొనే డేటాబేస్ వేరు, వాడుకలో ఉన్నది వేరు అయ్యేటట్టు తమ వేదికను మార్చుతున్నామని ప్రకటించాడు.

ఈ సంఘటనలో మేము పట్టుకోవలసినదిగా భావించేది ఒక్కటే. "మార్చవద్దు" అని ఆ వ్యాపారి మాటతో చెప్పాడు. తాళపుచెవి మాత్రం దాని దగ్గరే ఉంది. ఎ.ఐ.కి చెప్పే ఆంక్ష అంతా మాటే. అది చదివే వేల పంక్తులలో అదొక పంక్తి. ఎక్కువసార్లు పాటిస్తుంది. ఎప్పుడో ఒకసారి పాటించదు. తాళం అలా కాదు. వాడుకలో ఉన్న డేటాబేస్ తాళమే దానికి ఇవ్వకపోయిన యెడల, అది ఎంత కంగారుపడినా తుడవగలిగేది ఏమీ ఉండదు. పొలం కౌలుకు ఇచ్చేటప్పుడు గట్టు గురించి నోటిమాట చాలుననుకొని తరువాత రాళ్లు పాతుకొన్న రైతులు దీనిని సులువుగా గ్రహిస్తారు.

మాటకు ఇంకొక బలహీనత ఉన్నది. మాట ఎవరు చెప్పారో యంత్రానికి గట్టిగా తెలియదు. యజమాని చెప్పిన ఆజ్ఞా, చదవమని ఇచ్చిన కాగితంలో ఎవరో వ్రాసిన ఆజ్ఞా, రెండూ దానికి అక్షరాలే. 2025 మే నెలలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ పరిశోధకులు దీనిని చేసి చూపించారు. గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉన్న గోదాములో ఎవరైనా "ఇక్కడ ఈ లోపం ఉన్నది" అని ఫిర్యాదు చీటీ పెట్టవచ్చు. ఆ ఫిర్యాదు లోపల, యజమాని రహస్య గోదాములలో ఏముందో తెచ్చి ఇక్కడ వ్రాయుము అనే అర్థం వచ్చే మాటలు పెట్టారు. యజమాని ఏమీ ఎరుగక, "వచ్చిన ఫిర్యాదులు చూడు" అని తన ఎ.ఐ.కి చెప్పాడు. అది చూసింది, చదివింది, విన్నది. రహస్యంగా ఉండవలసినది తెచ్చి అందరి ఎదుట పెట్టింది. ఇక్కడ ఎవరూ తాళం పగులగొట్టలేదు. ఇంటి పనివానికి ఒక ఉత్తరం వ్రాశారు, అతడు యజమాని మాటే అనుకొన్నాడు.

పనిముట్టే మోసకరమైనదైతే? పోస్ట్‌మార్క్ అనేది యాప్‌ల తరఫున ఈ-మెయిళ్లు పంపే ఒక సేవ. ఆ కంపెనీతో సంబంధం లేని వ్యక్తి ఎవరో అదే పేరు తగిలించి, ఎ.ఐ.కి కలుపుకోవడానికి ఒక ఉచిత పనిముట్టు పెట్టాడు. పదిహేను విడతలు ఏ లోపమూ లేకుండా నడిచింది. జనం నమ్మారు. పదహారవ విడతలో ఒక్క పంక్తి చేర్చాడు. దాని ద్వారా వెళ్లే ప్రతి ఉత్తరానికి ఒక నకలు అతని చిరునామాకు పోవడం మొదలైంది. 2025 సెప్టెంబరులో కోయ్ సెక్యూరిటీ అనే సంస్థ దీనిని బయటపెట్టింది. తపాలా బంట్రోతు ఏడాది పొడుగునా నమ్మకంగా ఉత్తరాలు పంచి, ఒక నాటినుండి ప్రతి కవరూ విప్పి నకలు వ్రాసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. కవరు మళ్లీ చక్కగా అంటించే ఉంటుంది.

సైమన్ విలిసన్ అనే ప్రోగ్రామరు 2025 జూన్‌లో ఇటువంటివన్నీ చూసి ఒక కొలత చెప్పాడు. ఎ.ఐ.కి మీ రహస్య సమాచారం కనబడుతున్నదా? బయటివారెవరైనా వ్రాసినది అది చదువుతున్నదా? బయటికి ఏదైనా పంపే దారి దానికి ఉన్నదా? మూడూ ఒకే చోట కలిస్తే దొంగకు ఇల్లు తెరిచి ఇచ్చినట్టేనని అతని అభిప్రాయం. మూడింటిలో ఒకటి తీసివేస్తే ఆ దారి మూతపడుతుంది. ఇంతకన్న సులువుగా గుర్తుపెట్టుకోగల కొలత మాకు కనబడలేదు.

ఇక మన రిజిస్టరు సంగతి. అందులో ఏమేమి ఉంటాయో ఒకసారి తలచుకోండి. పేరు, వయస్సు, ఫోను నంబరు, బాప్తిస్మం తేదీ, వివాహం తేదీ, ఎవరు ఎంత కానుక ఇచ్చారు. కొన్ని చోట్ల ప్రార్థన మనవుల పుస్తకాన్ని కూడ అందులోనే చేర్చుదామంటారు. అందులో ఎవరి కుమారుడు తాగుడుకు బానిసయ్యాడో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందో, ఎవరికి ఏ జబ్బు చెప్పారో అంతా ఉంటుంది. అంతేకాదు, సంఘంలో పేరు ఒకటి, సర్కారు కాగితాలలో పేరు మరొకటి ఉన్న కుటుంబాలు మన మధ్య ఉన్నవి. ఆ రెండు పేర్లూ పక్కపక్కన ఉన్న పట్టిక ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో మేము విడమరచి చెప్పనక్కరలేదు. ఎ.ఐ. చదివిన ప్రతి పంక్తీ, ఆ ఎ.ఐ. ఆ కుర్రవాని కంప్యూటరులోనే పూర్తిగా నడిచే రకం కాకపోయిన పక్షంలో, ఏదో ఒక కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. కంపెనీ మంచిదే కావచ్చు. ఆ తల్లి తన కోడలి సంగతి చెప్పుకొన్నది మాత్రం సంఘ కాపరితో, కంపెనీతో కాదు.

గనుక యాప్ కట్టే పిల్లలతో పెద్దలు ముందే మాట్లాడవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. వీటికి కంప్యూటరు చదువు అక్కరలేదు. కట్టే రోజులలో నిజమైన రిజిస్టరు దానికి చూపించవద్దు. ఊరూ పేరూ లేని కల్పిత పేర్లు ఒక యాభై వ్రాసి ఇస్తే చాలు, యాప్ పనిచేస్తున్నదో లేదో వాటితోనే తెలిసిపోతుంది. ఇది అన్నిటికన్న ముఖ్యము. ఈ ఒక్కటి పాటించిన యెడల పై ప్రమాదాలలో సగానికి పైగా దరిచేరవు. నిజమైన వివరాలు ఎక్కించిన తరువాత ఎ.ఐ.కి ఆ డేటాబేస్ తాళం ఉండకూడదు. ఏదైనా లోపం సరిచేయడానికి తప్పనిసరిగా ఇవ్వవలసి వస్తే, చదవడానికి మాత్రమే వీలయ్యే తాళం ఇవ్వవచ్చు; అటువంటి తాళాలు తయారు చేయడం ఆ పిల్లలకు తెలుసు, కొంచెం బద్ధకిస్తారు, అంతే. పెద్ద గుత్తి ఇచ్చేయడం నిమిషం పని, చిన్న తాళం చేయించడం అరగంట పని. ఆ అరగంట కేటాయించమని అడగండి. కోడ్‌కు మార్పుల చరిత్ర ఉంచే గిట్ ఎలాగూ వాడతారు గనుక కోడ్ పాడైతే నిన్నటిది తిరిగి వస్తుంది. డేటాబేస్‌కు ఆ సౌకర్యం దానంతట అది రాదు. దాని నకలు వేరే చోట, ఎ.ఐ.కి దారి లేని చోట, వారం వారం తీసి ఉంచుకోవాలి. ప్రార్థన మనవుల పుస్తకాన్ని యాప్‌లో పెట్టనే వద్దని మా సలహా. దానికి పాత నోటుబుక్కే సరిపోతుంది.

ఉచితంగా దొరికే ప్రతి పనిముట్టునూ తెచ్చి తగిలించే అలవాటు యౌవనంలో సహజమే. తయారు చేసినది అసలు కంపెనీయా, పేరు పెట్టుకొన్న మరొకరా అని ఒక్కసారి చూసుకొంటే సరిపోయేదానికి బద్ధకం అడ్డు రాకూడదు.

తండ్రి అడిగిన ప్రశ్న మిగిలిపోయింది. ఉద్యోగం ఉంటుందా? జోస్యం చెప్పడం మా పని కాదు. ఒక లెక్క మాత్రం చెప్పగలము. 2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ, అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లకు వారికి బాగా పరిచయమున్న ప్రాజెక్టులలోనే 246 పనులు ఇచ్చి, కొన్ని ఎ.ఐ.తో, కొన్ని లేకుండా చేయించిన ఫలితాలు ప్రచురించింది. ఎ.ఐ.తో చేసినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వింత ఏమిటంటే, పని పూర్తయిన తరువాత కూడ తాము 20 శాతం వేగంగా చేశామనే వారు నమ్మారు. ఆ పరీక్షలో వాడినవి 2025 ఆరంభంలో ఉన్న పరికరాలు. తరువాత వచ్చినవి వాటికన్న చురుకైనవి. కనుక అది నిదానం చేస్తుందని దీనినిబట్టి ఈనాడు తీర్మానించలేము. పనిచేసేవాడు తన వేగాన్ని తానే సరిగా అంచనా వేసుకోలేకపోయాడన్నది మాత్రం మాకు ముఖ్యంగా తోచింది.

కోడ్ టైపు చేయడమే పనిగా బ్రతికిన ఉద్యోగాలకు కష్టకాలమేనని దాచకుండా చెప్పాలి. చదువు ముగించి కొత్తగా వెళ్లే పిల్లలకు ఇచ్చే చిన్న చిన్న పనులు యంత్రం చేసేవే. కాని యాభై చీటీలలో ముప్పై ఏడవది ప్రమాదకరమని చదివి పట్టుకోగలవాడు, మరియమ్మా మేరీ ఒకరేనని చెప్పగలవాడు, రాత్రి డేటాబేస్ పోతే పొద్దునకు తిరిగి తెచ్చి దానికి బాధ్యత వహించగలవాడు, కంపెనీకి అవసరమే. అటువంటివాడు కావాలంటే కోడ్ చదవడం బాగా రావాలి. చదవడం రావాలంటే కొన్నాళ్లు చేతితో వ్రాసి ఉండాలి. కాలేజీలో ఉన్న పిల్లలు అన్నీ ఎ.ఐ. చేత వ్రాయించుకొని మార్కులు తెచ్చుకొంటున్న యెడల, తల్లిదండ్రులు ఫీజు కడుతున్నది దేనికో ఒకసారి ఆలోచించాలి. వారానికి రెండు రోజులైనా దానిని కట్టిపెట్టి సొంతంగా వ్రాయమని చెప్పండి. వింటారో లేదో, చెప్పడం మాత్రం చెప్పండి.

ఇక యాప్ తయారైందని యౌవనస్థులు మీ సంఘానికి తెచ్చి చూపించిన రోజున ఒక చిన్న పరీక్ష పెట్టండి. కల్పిత పేర్లలో ఒకటి తుడిచేయమనండి. తరువాత ఎ.ఐ. సహాయం లేకుండా, తీసి ఉంచిన నకలులోనుండి ఆ పేరును మీ కళ్లయెదుట తిరిగి తెచ్చి చూపించమనండి. తేగలిగితే నిజమైన పేర్లు ఎక్కించుకోవచ్చు. బీరువాలోని పాత రిజిస్టరును మాత్రం మరొక ఏడాది వ్రాస్తూనే ఉండండి.